పుర్రచేతి పుస్తె

“రెండు పొట్లాలూ ఒకదాన్లో ఎందుకు పోసీసినావురా?”

నీలవేణి ఈ మాట అడగడం ఇది మూడోసారి. తమ్ముడు ధనరాజ్ మూడోసారీ అక్కకి అదే జవాబు చెప్పాడు.

“రెండూ బంగారం ముక్కలే కదప్పా. నాన్న డబ్బాలో సిల్లర సిల్లరగా కనబడితే ఒక్క కాగితంలో కట్టేసినాను. అందులో తప్పేటి?”

నీలవేణి పొట్లం విప్పి చూసింది. అరచేతిలో గులాబీరంగు పల్చటి కాగితం, అందులో పెసరబద్దలంత బంగారం ముక్కలు. తండ్రి జగన్నాధం వాటిని తన కత్తెరతోనే కత్తిరించాడు. మర్నాడు పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే గుండె ఆగి పోయాడు. నిన్నటితో పన్నెండో రోజు కూడా అయిపోయింది.

“మెల్లగా మాట్లాడు,” అంది. “వీధరుగు మీద గున్నమ్మత్త కూచుని ఉంది.”

“ఉండనీ. నానే ఎల్లి సెప్తాను. ఆళ్ళ పిల్ల పెళ్ళికి ఇంకా నాలుగు రోజులుంది, బజార్లో రెడీమేడ్ పుస్తె కొనుక్కోమని.”

ధనరాజ్‌కి అన్నీ అంత సులువుగానే ఉంటాయి. విశాఖపట్నంలో పెద్ద నగల షోరూంలో మెడకి టై కట్టుకుని, వచ్చిన వాళ్ళకి కాఫీలిచ్చి, గాజు బల్ల మీద నగలు పరిచి చూపించే ఉద్యోగం అతనిది. పదేళ్ళలో వెయ్యి పుస్తెలు అమ్మి ఉంటాడు. ఒక్కటి చేయలేదు.

నీలవేణి కథ వేరు. ఆమె కాపురం రెండు వీధుల అవతలే. పిల్లని బడికి పంపి, మొగుడికి క్యారేజీ కట్టి, పది గంటలకల్లా వచ్చి తండ్రి పక్కన కుంపటి దగ్గర కూచునేది. పద్నాలుగేళ్ళుగా అదే తంతు. చేసింది కూతురైనా ఊరికి మాత్రం అది జగన్నాధం పనే. ఆమె పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది, ఆమే అక్కర్లేదనుకుంది.

ఈ రోజు అక్కరొచ్చింది. ఇంటి పెద్ద పోతే పన్నెండు రోజులు కుంపట్లో నిప్పు వేయరు. పదమూడో నాడు వారసుడు నిప్పు వేస్తాడు. ఆ నిప్పు మీద జరిగే మొదటి పని శుభకార్యం పని అయి ఉండాలి. గున్నమ్మ కూతురి పుట్టింటి పుస్తె కన్నా శుభమైన పని ఏముంటుంది? అది జరిగితే ఈ ఇంట్లో కుంపటి ఉంటుంది. గున్నమ్మ వట్టి చేతులతో వెనక్కి వెళితే సాయంత్రానికల్లా నాలుగు ఊళ్ళకి తెలుస్తుంది. తరవాత ఈ గుమ్మం ఎవరూ తొక్కరు. ముందుగది అద్దెకిచ్చేద్దామని ధనరాజ్ నిన్ననే ఒక మాట విసిరి ఉంచాడు.

“తప్పేటని అడిగినావు కదా, విను,” అంది నీలవేణి. “ఒక పొట్లం గున్నమ్మత్త వాళ్ళ అత్తగారిది, లక్ష్మణమ్మగారి పుస్తె. ఆవిడ పసుపు కుంకాలతో ఎల్లిపోయిన మనిషి. మనవరాలి మెడలోకి ఆ బంగారమే పడాలని పోతూ పోతూ సెప్పింది. రెండో పొట్లం మన వీధి సివర దేముడమ్మ మామ్మది.”

ధనరాజ్ మొహంలో రంగు మారింది. దేముడమ్మ మొగుడు పోయి పదకొండేళ్ళు. తీసేసిన పుస్తెని ఇన్నేళ్ళూ బియ్యం డబ్బాలో దాచుకుని, మనవరాలికి చెవిదుద్దులు చేయించడానికని నెల కిందటే తెచ్చి ఇచ్చింది.

“అంటే...”

“అదే. పెళ్ళికూతురి పుస్తెలోకి మొగుడు పోయినావిడ పుస్తె బంగారం. ఇప్పుడు తెలిసిందా తప్పేటో?”

షోరూంలో టై కట్టుకున్నా కంసాలి ఇంట పుట్టినవాడే. ధనరాజ్ గోడకి జారబడి కింద కూచుండిపోయాడు.

నీలవేణి భూతద్దం తీసింది. ఇంకా ఒక్క దారి మిగిలి ఉంది.

జగన్నాధానిది పుర్రచేతి వాటం. సుత్తి ఎడంచేత్తో పట్టేవాడు. పుస్తె వెనకవైపు గుంటలో మెరుగు పెట్టరు కాబట్టి సుత్తి దెబ్బల జాడ ఎన్నేళ్ళకీ అరగదు. అందరి దెబ్బలూ ఒక వైపు వాలితే ఆయనవి రెండో వైపు వాలతాయి. లక్ష్మణమ్మ పుస్తె ఆయన చేసిందే. దేముడమ్మ పుట్టిల్లు పర్లాకిమిడి వైపు, ఆమె పుస్తె అక్కడెవరో చేసి ఉంటారు. దెబ్బల వాలు చూసి ముక్కల్ని విడదీసేయొచ్చు.

ఒక ముక్క చూసింది. నాన్న చెయ్యే. రెండోది చూసింది. అదీ నాన్న చెయ్యే. మూడు, నాలుగు, ఐదు. అన్నిటి వాలూ ఒకటే. పదకొండు ముక్కలు చూశాక భూతద్దం కింద పెట్టేసింది.

“దేముడమ్మ పుస్తె కూడా మీ నాన్న కొట్టిందేనే. అది ఆవిడ అత్తింటోళ్ళు సేయించింది.”

అక్కాతమ్ముళ్ళిద్దరూ ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. లోపలిగది గుమ్మానికి ఆనుకుని తల్లి లక్ష్మీనరసమ్మ కూచుని ఉంది. పదో రోజు మెడలో పుస్తెలు తీసిన దగ్గర్నుంచీ ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. పెడితే తింది, లేదంటే అదీ లేదు. ఇవాళే నోరు విప్పింది.

“లక్ష్మణమ్మకి కొట్టిన మూడేళ్ళకి. అప్పటికి నాను ఈ ఇంటికి కొత్తకోడల్ని.”

బయట అరుగు మీద గున్నమ్మ దగ్గు వినిపించింది.

ముందుగా తేరుకున్నది ధనరాజ్. “అయితే గొడవే నేదు. ఎవులికీ తెల్దు. సగం కరిగించి పుస్తె కొట్టీ, సగంతో దుద్దులు సేసీ. ఆవిడకి సెప్పకు.”

“సెప్పకుండా ఎలా ఉంటాన్రా?”

“నోరు మూసుకుని ఉంటావు. కుంపటి నిలబడాలని ఏడుస్తన్నది నువ్వే కదా. సెప్పినావంటే ఇవాళే ఆరిపోద్ది. ఎవులికి నష్టం?”

“రేపు ఆ పిల్ల మొగుడికి సిన్న జొరం వచ్చినా నాకు నిద్ర పట్టదు. ఆ పిల్ల మెడ సూసినప్పుడల్లా ఈ పొట్లం గుర్తొస్తాది. అలాటి సేత్తో ఇంకో పుస్తె కొట్టగలనేటి?”

“నాన్న ఉంటే...”

“నాన్న ఉంటే పొట్లాలు కలిసేవి కావు.”

ఆ మాట అనకూడదని అన్నాక తెలిసింది నీలవేణికి. ధనరాజ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడు డబ్బా తెరిచింది బంగారం కోసం కాదు. తండ్రి వాడిన కళ్ళజోడు కోసం వెతుకుతూ తెరిచాడు. కనబడినవన్నీ సర్ది పెట్టడం తప్ప దుఃఖంలో మగపిల్లాడికి వేరే పని చేతకాలేదు.

“కొట్టుకోకండర్రా,” అంది లక్ష్మీనరసమ్మ. “దేముడమ్మ మొగుడు పోయినప్పుడు పదోరోజు నాడు ఎవులో అన్నారు, పుర్రసేతి పుస్తె కదా, ఇంకేటవుద్ది అని. మీ నాన్న అక్కడే ఉన్నాడు. ఇంటికొచ్చి నాలుగు రోజులు సుత్తి ముట్టుకోనేదు.”

ఈ సంగతి ఇద్దరు పిల్లలకీ తెలియదు.

“అయిదో నాడు ఆవిడింటికే ఎల్లినాడు. నా సెయ్యి తప్పేనా అమ్మా అని అడిగినాడట. ఆవిడేటందో తెలుసా? ముప్పయ్యారేళ్ళు నా మెడలో ఉన్నాది బాబూ, ఒక్కనాడు గుచ్చుకోనేదు అన్నాదట. ఆ మాట నాకు సెప్పి సిన్నపిల్లాడిలాగ ఏడ్సినాడు. మర్నాడు మళ్ళీ కుంపటి ఏసినాడు.”

నీలవేణి ముక్కల వంక చూసింది. తనకి ఏడేళ్ళప్పుడు, ఎడంచేత్తో రాస్తోందని పంతులమ్మ స్కేలుతో కొట్టింది. మర్నాడు జగన్నాధం బడికి వచ్చాడు. తిట్టలేదు, అరవలేదు. సుద్దముక్క తీసుకుని ఎడంచేత్తో నల్లబల్ల మీద అక్షరాలన్నీ ముత్యాల్లా రాసి, పంతులమ్మకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎవరూ ఆమె చేతి జోలికి రాలేదు. అలాంటి మనిషి కూతురై ఉండి ఇప్పుడు పొట్లం దాచుకుని కూచోవడమా?

ఆమె కొంగు బిగించి వీధరుగు మీదకి వచ్చింది.

గున్నమ్మ శ్రీకూర్మం పక్క పల్లెలో వ్యవసాయం ఇంటి మనిషి. మాట గట్టి, మనసు అంతకన్నా గట్టి అని పేరు. పక్కనే ఇత్తడి పళ్ళెంలో బియ్యం, కందిపప్పు, బెల్లం, కూరగాయలు, తమలపాకులు పెట్టుకుని కూచుని ఉంది. పుస్తె మొదలెట్టే ముందు కంసాలికి స్వయంపాకం ఇవ్వడం ఆనవాయితీ. పైన ఎప్పుడూ పంచె పెడతారు. ఈ పళ్ళెంలో పంచె లేదు. ఆకుపచ్చ జాకెట్టుముక్క ఉంది.

అది చూసేసరికి నీలవేణికి అర్థమైంది. గున్నమ్మ బయల్దేరేటప్పుడే నిర్ణయించుకుని వచ్చింది. ఒక ఆడమనిషికి, అందులోనూ పుర్రచేతి మనిషికి, కూతురి పుస్తె పని ఇవ్వడానికి సిద్ధపడి వచ్చింది. ఇప్పుడు ఆవిడకే ఈ మాట చెప్పాలి.

“ఏటే అమ్మీ, అలగున్నావు? నిప్పు ఏసినారా?”

“ఇంకా లేదత్తా. నీకో మాట సెప్పాలి.”

అంతా చెప్పేసింది. తమ్ముడు కలిపాడని చెప్పలేదు, కలిసిపోయాయని మాత్రం చెప్పింది. దెబ్బల వాలు చూశానని, ఏది ఎవరిదో తేల్చలేకపోయానని చెప్పింది. గున్నమ్మ తమలపాకు ఒకటి తీసి దాని ఈనె గీరుతూ వింది.

“ఇదీ సంగతత్తా. నువ్వు ఏటన్నా పడతాను.”

గున్నమ్మ వీధిలోకి చూసింది. ఎవరో స్కూటర్ మీద పూలబుట్ట పెట్టుకుని వెళ్ళారు.

“మాయత్త సెప్పేది,” అంది, ఎవరితోనో అన్నట్టు. “పుర్రసేతి కుర్రాడితో పుస్తె ఏటని వాళ్ళయ్య గొడవ పెట్టినాడట. అప్పటికి మీ నాన్నకి ఎవులూ పుస్తె ఇవ్వనేదు. ముక్కుపుడకలు, మట్టెలు సేసుకునీవోడు. మాయత్త పెళ్ళికూతురై ఉండి గదిలోంచి బయటికి వచ్చి, నా సెవికమ్మలు ఆడే సేసినాడు, అంత సక్కటి పని ఎవులు సేస్తారు, పుస్తె కూడా ఆడే సెయ్యాల అన్నాదట. నలభై అయిదేళ్ళు కాపురం సేసింది. ఆ తరవాత ఈ సుట్టుపక్కల పుస్తెలన్నీ మీ ఇంటికే వచ్చినాయి.”

“తెలుసత్తా.”

“ఆ బంగారం నాకు మళ్ళీ ఎక్కడ దొరుకుతాది?”

అది కోపంగా అని ఉంటే నీలవేణి తట్టుకునేది. గున్నమ్మ దిగులుగా అంది. ఆ తరవాత లేచి, చెప్పులు తొడుక్కుని, వెళ్తానని కూడా అనకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

“అయిపోనాది,” అన్నాడు వెనక నుంచి ధనరాజ్. “సెప్పొద్దన్నాను. వినవు కదా.”

స్వయంపాకం పళ్ళెం అరుగు మీదే ఉండిపోయింది. ఆవిడ మరిచిపోయిందా, వదిలేసి వెళ్ళిందా? అడుగుదామంటే అడిగే మనిషి లేదు. ఎండ పళ్ళెం మీదకి వస్తుంటే దాన్ని నీడలోకి జరిపి, దాని పక్కనే కూచుంది. ఆకుపచ్చ జాకెట్టుముక్కని మాత్రం ముట్టుకోలేదు.

పావుగంట గడిచింది. ధనరాజ్ వచ్చి అక్క పక్కన కూచున్నాడు.

“నా పేరు ఎందుకు సెప్పలేదు?”

“సెప్తే ముక్కలు ఇడిపోతాయేటి?”

వాడు మెల్లగా అన్నాడు. “సిన్నప్పుడు నాను కూడా కూకున్నానప్పా, నాన్న దగ్గర. సుత్తి పట్టుకుంటే నా సెయ్యీ ఆయన సెయ్యీ ఎదురెదురై కొట్టుకునీవి. నిన్ను ఆయన పక్కన కూకోబెట్టుకుంటే ఇద్దరూ ఒక్కలాగే ఊగుతూ కొట్టీవోరు. అది సూసే నాను బయటికి ఎల్లిపోనాను. ఉద్యోగం కోసం అని అందరికీ సెప్పినాను.”

ఇన్నేళ్ళలో తమ్ముడు ఈ మాట అనడం ఇదే మొదలు. నీలవేణి వాడి భుజం మీద చెయ్యి వేయబోతుంటే వీధి మలుపులో ఇద్దరు ఆడవాళ్ళు కనిపించారు. ముందు గున్నమ్మ. వెనక, ఆమె చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడుస్తూ దేముడమ్మ.

ఇంటి ముందుకి వచ్చాక దేముడమ్మ చెయ్యి విడిపించుకుని మెట్ల కిందే ఆగిపోయింది.

“నాను రానమ్మా. పుస్తె పని జరిగీ ఇంట్లోకి నాను రాకూడదు. ఇక్కణ్ణుంచే సెప్పీసి ఎల్లిపోతాను.”

“రా మామ్మా, అరుగు మీదకైనా రా,” అంది నీలవేణి.

“వద్దే తల్లీ. పదకొండేళ్ళ నుంచి ఏ పెళ్ళింటి గడపా తొక్కనేదు. ఇప్పుడెందుకు?”

అంతలో లోపల నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. లక్ష్మీనరసమ్మ. బోసి మెడ మీద కొంగు కప్పుకుని గుమ్మం దాటి వచ్చింది. పెళ్ళికూతురి తల్లి ఎదురుగా తను రాకూడదని ఆవిడకీ తెలుసు. గున్నమ్మ పక్క నుంచే మెట్లు దిగి దేముడమ్మ చెయ్యి పట్టుకుంది.

“మనిద్దరికీ పుస్తె కొట్టిన సెయ్యి ఒకటేనే దేముడమ్మా. ఆ మనిషి ఇంటికి నువ్వు రాకపోతే నాను ఎక్కడికి పోవాల? రా.”

దేముడమ్మ ఒక్క క్షణం తటపటాయించి మెట్టెక్కింది. గున్నమ్మ పక్కకి జరిగి ఇద్దరికీ దారి ఇచ్చింది. మొహం తిప్పుకోలేదు. నీలవేణికి ఏడుపు ఆగలేదు, ఆపుకోనూ లేదు.

కుంపటి గదిలో అందరూ కూచున్నాక గున్నమ్మే మొదలెట్టింది.

“ఆమె బంగారం కూడా కలిసింది కదా, ఆమెనడక్కుండా ఎలాగని ఎల్లినాను. నువ్వే సెప్పు దేముడమ్మా.”

“ఏటుంది సెప్పడానికి?” అంది దేముడమ్మ. “నాది ఏదో లక్ష్మణమ్మది ఏదో ఏరకండి. అంతా కలిపే కరిగించు. సగంతో ఆ పిల్లకి పుస్తె, సగంతో నా మనవరాలికి దుద్దులు. లక్ష్మణమ్మ అదృష్టం కొంచెం మా పిల్లకీ వస్తాది. మరి నాది...” అని ఆగి గున్నమ్మ వైపు చూసింది. “నాది కూడా మంచి కాపురమేనమ్మా. ముప్పయ్యారేళ్ళు ఆయన నన్ను ఒక్క మాటనేదు.”

గున్నమ్మ తల ఊపింది. “మాయత్త ఉంటే ఈ మాటే అనును. నాకు అభ్యంతరం నేదు. గానీ మగపిల్లాడోళ్ళకి సెప్పకుండా నాను సెయ్యలేను. రేపు ఎవులి నోటో ఇంటే పిల్ల బతుకు మీదకొస్తాది. వాళ్ళేటంటారో నాకు తెల్దు. ఆడపిల్ల తల్లిని, పెళ్ళి నాలుగు రోజులుందనగా ఈ మాట ఎత్తుకుని ఎల్లలేను.”

పెళ్ళివారిది పొందూరు. మనుషులు మంచివాళ్ళే, కానీ పట్టింపులున్న ఇల్లు. ఎవరు వెళ్ళాలి, ఏ మొహంతో చెప్పాలి?

“నాను ఎల్తాను,” అన్నాడు ధనరాజ్.

అందరూ అతని వైపు తిరిగారు.

“పొట్లాలు కలిపింది నానే అత్తా. అప్ప సెప్పలేదు గానీ నానే. కలిపినోడే ఎల్లి సెప్పాల. తిడితే నన్నే తిడతారు.”

గున్నమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. “టై తీసీసి ఎల్లు. సుట్టమనుకుంటారు గానీ సేల్సుమేననుకోకూడదు.”

పదమూడు రోజుల తరవాత ఆ ఇంట్లో మొదటిసారి నవ్వు వినిపించింది. ధనరాజ్ మెడలో నిజానికి టై లేదు. అయినా మెడ తడుముకున్నాడు.

“ముందు నిప్పు ఎయ్యి,” అంది లక్ష్మీనరసమ్మ. “వారసుడివి. ఏసీసి ఎల్లు.”

ధనరాజ్ కాళ్ళు కడుక్కుని వచ్చి తండ్రి పీట మీద కూచున్నాడు. కుంపట్లో బొగ్గులు పేర్చి, కర్పూరం పెట్టి వెలిగించాడు. ఊదుగొట్టం కోసం కుడిచెయ్యి చాపితే అందలేదు. పటకారు, సుత్తి, కత్తెర అన్నీ ఎడమ పక్కనే ఉన్నాయి, జగన్నాధం చివరిరోజు ఎలా పెట్టాడో అలాగే. వాటి వంక ఒకసారి చూసి, లేచి నిలబడి, కొంగు పట్టి లాగినట్టుగా అక్కని పీట దగ్గరికి తెచ్చాడు.

“నువ్వు కూకో అప్పా. ఇది నీ పీట.”

తండ్రి పోయాక ఆ పీట మీద నీలవేణి కూచోవడం అదే మొదలు. ఎడంచెయ్యి చాపింది. ఊదుగొట్టం వెతకకుండానే చేతికి వచ్చింది.

బయట ధనరాజ్ బండి స్టార్టయిన చప్పుడు వినిపించి, వీధి మలుపు దాకా వెళ్ళి వినబడకుండా పోయింది. గున్నమ్మ అరుగు మీద నుంచి స్వయంపాకం పళ్ళెం తెచ్చింది. ఇవ్వలేదు. తన ఒళ్ళోనే పెట్టుకుని కూచుంది.

నీలవేణి బంగారం ముక్కలన్నీ మట్టి మూసలో పోసింది. మూసని కుంపటి పక్కన పెట్టింది, నిప్పు మీద పెట్టలేదు.

“ఏటే, కరిగించవేటి?” అంది దేముడమ్మ.

“పొందూరు నుంచి కబురు రానీ మామ్మా. కరిగించినాక మళ్ళీ ఎవులి ముక్కా ఎవులికీ ఇవ్వలేం.”

“వద్దన్నారనుకో?”

నీలవేణి గున్నమ్మ ఒళ్ళో పళ్ళెం మీది ఆకుపచ్చ జాకెట్టుముక్క వైపు చూసింది. అప్పుడు లక్ష్మీనరసమ్మ దగ్గరికి జరిగి, జగన్నాధానికి ఏళ్ళ తరబడి అందించినట్టే బొగ్గుల బుట్ట కూతురి పక్కకి జరిపింది.

“ఆడు వచ్చీసరికి నిప్పు బాగా రాజుకుని ఉండాల. ఊదవే.”

నీలవేణి ఊదింది.